బాలభటులతో ఏడు దినములు

మా కూచిపూడి చెంత నొక కొబ్బరితోటలో స్కౌటు బాలురతో నేను గడపిన యేడు దినములను గూర్చి నేడు ముచ్చటింపదలచితిని.

ముందుగా మాటను విచారింతము. తెలుగు పండితుడుగా ముప్పదియేండ్లకు పైబడి పాఠములు చెప్పినవానికి ఈ చాపల్యము తప్పదు. పెద్దలు మన్నింతురు గాక. సేనకు ముందుగా పోయి, దారిలోని వాగులను, వంతెనలను, శత్రువుల జాడను చూచివచ్చి చెప్పువానికి మన పూర్వులు వేగులవాడని పేరిడిరి. సంస్కృతమున చారుడు. స్కౌటు అను నాంగ్లపదమునకును మొదట ఇదియే యర్థము. దానిని బట్టియే యుత్తరదేశమువారు బాలచరుడనిరి, తెలుగువారు బాలభటుడనిరి. మా యూరి పిల్లలు ఈ రెండింటిలో నేదియు పలుకరు. వారికి స్కౌట్సు అన్నచో స్కౌట్సే. బూడిదవన్నె చొక్కా, నీలపు లాగు, మెడలో ముడివేసిన కండువా కనబడినచో పశువుల కాపరియైనను ఆ మాటనే యనును. వాడుకలో నెగ్గిన మాటను పండితుడు త్రోసివేయజాలడు గావున నేనును ఆ మాటనే వాడెదను.

ఈ యుద్యమమునకు మూలపురుషుడు బేడెన్ పవెల్ అను నాంగ్ల సేనాని. 1899లో దక్షిణాఫ్రికాలోని మాఫెకింగు పట్టణమును బోయర్లు ముట్టడింపగా, ఆయన 217 దినములు ఆ పట్టణమును నిలుపుకొనెను. పెద్దవారు కావలి కాయుచుండగా చిన్న బాలురు ఉత్తరములు చేరవేయుట, వార్తలు మోయుట మొదలగు పనులను నెఱవేర్చిరి. బాలుని నమ్మి బాధ్యత నొప్పగించినచో వాడు దానిని నిలుపుకొనగలడని ఆయనకు అచ్చట తోచినదట. 1907 ఆగస్టులో ఇంగ్లండు దక్షిణతీరమందలి బ్రౌన్‌సీ అను చిన్న ద్వీపమునకు సుమారు 20 మంది బాలురను కొనిపోయి, వారిని నాలుగు దళములుగా పంచి, యొక్కొక్క దళమునకు జంతువు పేరో పక్షి పేరో పెట్టి, డేరాలలో నుంచెను. ధనవంతుల బిడ్డలును, కష్టజీవుల బిడ్డలును ఆ డేరాలలో కలసి నిదురించిరి. ప్రపంచములో స్కౌటు శిబిరములన్నిటికిని అదియే మాతృక.

మన దేశమునకు ఈ విద్య 1909లోనే వచ్చినది. బెంగుళూరులో తొలి దళమేర్పడినది. కాని యది దొరల బిడ్డలకును, ఆంగ్లో ఇండియనుల బిడ్డలకును మాత్రమే. ఈ దేశపు బాలునకు జాడలు తీయు విద్యయు, దళములుగా మెలగు విద్యయు నేర్పినచో రేపు వాడు ఆ విద్యను ఎవరిమీద వాడునో యని పాలకుల శంక. ఆ శంక బొత్తిగా నిరాధారమని నేననను! 1916లో చెన్నపట్టణమున అనీబిసెంటమ్మగారును అరండేలుగారును మన బాలురకై వేఱుగా సంఘము స్థాపించిరి. అలహాబాదున మదనమోహన మాలవీయ పండితులు, హృదయనాథ కుంజ్రూగారు, శ్రీరామ బాజపాయిగారు సేవాసమితి పేర మఱియొక సంఘమును నడపిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1950 నవంబరు 7వ తేదీన ప్రధాన సంఘములు కలసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను నొక్క సంస్థగా నేర్పడినవి. మఱుసటి యేడు బాలికల గైడు సంఘమును అందు చేరినది. కడుపు నిండిన తెల్లదొరల వినోదముగా దీనిని నేటికిని కొందఱు తలంతురు గావున ఇంత చరిత్ర చెప్పవలసి వచ్చినది. మనవారు దీనిని అడిగి తెచ్చుకొనలేదు, పోరి తెచ్చుకొనిరి.

ఇక మా శిబిరపు మాట. 2023వ సంవత్సరము మే 8వ తేదీ సోమవారము మొదలు 14వ తేదీ ఆదివారము వఱకు అది జరిగినది. దళనాయకుడగు స్కౌటుమాస్టరు నా పూర్వశిష్యుడు. "మాస్టారూ, రాత్రిపూట పిల్లలకు కథలు చెప్పడానికి మీరు రావాలండీ" యని పిలిచినాడు. కథలు చెప్పబోయి నేనే వినివచ్చితినని తరువాత మీకే తెలియును.

తోట ఒక రైతుగారిది. కూచిపూడికి నడకదూరము. ఒకవైపు కాలువగట్టు, కాలువలు కట్టివేసిన దినములగుటచే అందు నీరు లేదు, అడుగున బురద మాత్రము నెఱ్ఱెలు విచ్చుచున్నది. ఆ నెల తొలివారమున అకాలవర్షములు పడి కల్లములలోని ధాన్యము తడిపినవి గదా. తోటలో నేల యింకను చెమ్మగా నుండెను. బాలురు ఇరువదినలుగురు. కొంగ, లకుముకి, నెమలి, గరుడ యని నాలుగు దళములు, దళమునకు ఆఱుగురు. దళమునకొక డేరా. డేరా వేయుటకు ముందు నేల వాలు చూచి, చుట్టును జేనెడు లోతున కాలువ త్రవ్విరి. వానవచ్చినచో నీరు లోనికి రాకుండుటకు. చేతిఫోనులన్నియు నొక రేకుపెట్టెలో పెట్టి తాళము వేసిరి. మొదటి రాత్రి ఒకరిద్దఱు పిల్లలు ఆ పెట్టెవంక చూచిన చూపు, తల్లిని విడిచిన లేగదూడల చూపు వలె నుండెను. మూడవనాటికి పెట్టె యెక్కడ నున్నదో కూడ మఱచిరి.

దినచర్య యంతయు చెప్పి మిమ్ము విసిగింపను. అయిదుగంటలకు ఈల. వ్యాయామము, పతాకవందనము, డేరాల తనిఖీ, పాఠములు, వంట, ఆటలు, రాత్రి మంటచుట్టు కూడుట, పది గంటలకు దీపములార్పుట. ఇంతే. ఒక్క విషయము మాత్రము నాకు మొదట గొంతు దిగలేదు. స్కౌట్లు పరస్పరము ఎడమచేతితో కరచాలనము చేయుదురు. ఎడమచేయి చాచుట మనకు మర్యాద కాదు. కారణమడుగగా శిష్యుడు చెప్పెను: ఆఫ్రికాలోని యోధులు ఎడమచేత డాలు పట్టుదురట. డాలు దించి ఆ చేయి చాచుట యనగా నిన్ను నమ్మితినని చెప్పుట యట. కథ నిజమగునో కాదో గాని భావము బాగున్నది. నాటినుండి నేనును చాచుచున్నాను; ఇంటిలో మాత్రము కాదు.

రెండవనాటి మధ్యాహ్నము ఒక వింత జరిగినది. దళములు వంతులవారిగా వండవలెను. గాడిపొయ్యి త్రవ్వి, కొబ్బరిమట్టలును డొక్కలును వంటచెఱకుగా పెట్టి, గుండిగలో నన్నము వండి, గంజి వార్చి, పప్పును వంకాయకూరయు చేసిరి. అన్నము కొంత అడుగంటినది. భోజనములైన పిమ్మట లకుముకి దళమువారు బూడిదయు కొబ్బరిపీచును తీసికొని గుండిగ తోముచుండిరి. అంతలో నొక పెద్దమనిషి సైకిలు దిగి తోటలోనికి వచ్చినాడు. ఆ తోముచున్నవారిలో నొకని తాత. అఱువదేండ్లకు దగ్గఱగా నుండును. మనుమని చూచి నిలిచిపోయినాడు.

"ఏమండీ మాస్టారూ, మావాడు ఇంటి దగ్గర మంచినీళ్ళ గ్లాసు కూడా తీసి పక్కన పెట్టడు. వాడి చేత అంట్లు తోమిస్తున్నారా?"

"తోమించుట లేదండీ, వాడే తోముచున్నాడు. వండినవాడు వాడే గదా" అంటిని.

"సెలవుల్లో కోచింగుకి పంపమని వాళ్ళ నాన్న. ఏడు రోజులేగా అని నేనే పంపాను. ఇందుకా పంపింది?"

మనుమడు తల యెత్తలేదు. గుండిగలో నడుము దాక వంగి గోకుచున్నాడు. అడుగున మాడిన ముద్ద యొకటి ఊడివచ్చినప్పుడు వాని ముఖమున కలిగిన ఆనందమును తాతగారును చూచినారు, నేనును చూచితిని. ఆయన మఱి మాటాడలేదు. సాయంకాలము వఱకు కొబ్బరిచెట్టు క్రింద కూర్చుండి వెళ్ళినారు. మఱునాడు మరల వచ్చినారు. సైకిలుకు పెరుగు కుండ తగిలించుకొని. తరువాత ప్రతిదినమును వచ్చినారు.

భోజనపు పంక్తిని గూర్చి నొక మాట చెప్పి ముందుకు సాగెదను. ఇరువదినలుగురును ఒకే వరుసలో, నేలపై, విస్తళ్ళ ముందు కూర్చుండిరి. ఎవని ప్రక్కన నెవడు కూర్చుండెనో ఆ పిల్లలకు పట్టలేదు. నా బాల్యమున పంక్తులు వేఱుగా నుండుటను నేను కన్నులార చూచినవాడను.

మూడవనాడు జ్ఞాపకశక్తికి పరీక్ష. దీనిని కిమ్సు ఆట యందురు. కిప్లింగు 1901లో వ్రాసిన కిమ్ అను నవలలోనుండి బేడెన్ పవెల్ గ్రహించెను. ఒక చాపపై 24 వస్తువులు పఱచి గుడ్డ కప్పుదురు. గుడ్డ తీసి నిముసము చూపి మరల కప్పుదురు. చూచినవాడు గుఱుతున్నవన్నియు వ్రాయవలెను. పదునాఱు వ్రాసినచో గెలుపు. తాళపుచెవి, చీపురుపుల్ల, గచ్చకాయ, రూపాయిబిళ్ళ, వడ్లకంకి, చాకుపిడి ఇట్టివి పఱచిరి. నాకు చెప్పరాని సంతోషము కలిగినది. ఇది మన ధారణయే గదా! అవధాని యెదుట నొకడు పూలు విసరుచుండును, ఒకడు గంట వాయించుచుండును. పద్యము చెప్పుచునే ఆ పూలను, ఆ గంటలను మనసులో లెక్కింపవలెను. ఆ విద్యను ఊరూర నూరేగించిన తిరుపతి వేంకట కవులలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు మన బందరు హిందూ ఉన్నత పాఠశాలలోనే తెలుగు పండితులుగా నుండిరి. ఆ మాట బాలురకు చెప్పితిని. కాని వారు నాకు చెప్పినది అంతకంటె బాగున్నది.

గరుడ దళములో నొక బాలుడు 23 వస్తువులు వ్రాసెను. బడిలో వానికి మార్కులు స్వల్పమని స్కౌటుమాస్టరు అంతకు ముందే నా చెవిలో చెప్పియుండెను. ఎట్లు గుఱుతుంచుకొంటివని యడిగితిని. వాడు మా యూరి నాట్యము నేర్చుకొనుచున్నవాడు. వస్తువులను నాలుగేసి చొప్పున పంచుకొని, చతురశ్ర గతిలో ఆఱావృత్తములు వేసి, పేర్లను జతులవలె లోలోన చెప్పుకొన్నాడట! తప్పిపోయిన ఇరువదినాలుగవది యేదనగా, చివరి యావృత్తమున పేరు పొడవై తాళమున కిమడలేదట. తాళమే జ్ఞాపకమునకు కొక్కెమని ఇంతకాలము పద్యములు బట్టీపెట్టించిన నాకు ఎవరును ఇంత సూటిగా చెప్పలేదు. వానికి మార్కులు తక్కువ వచ్చుట వాని లోపము కాదేమో యని నాకు తోచినది.

నాలుగవనాటి ఉదయమున జాడలు తీయు పాఠము. రెండు దళములు ముందుగా పోయి, రాళ్ళతో బాణపు గుఱుతులు పేర్చుచు, గడ్డి ముడివేయుచు మొవ్వ దాక దారి పెట్టినవి. తక్కిన రెండు దళములు ఆ గుఱుతులను చదువుకొనుచు వెంబడించినవి. మొవ్వ క్షేత్రయ్య పుట్టిన యూరని, ఆయన పదములందు మువ్వగోపాలుని ముద్ర కలదని మీరెఱిగినదే. వేణుగోపాలస్వామి గుడి నీడలో పిల్లలు నీరు త్రాగిరి. ఒక గుఱుతును మేకలు తినివేయుటచే నెమలి దళమువారు అరమైలు చుట్టు తిరిగి వచ్చిరి. గడ్డితో గుఱుతు పెట్టినచో మేకయును చదువునని వారికి తెలిసినది.

తిరిగివచ్చిన పిమ్మట ప్రథమచికిత్స. ఇది గ్రామపెద్దలు చెవినిడవలసిన పాఠము గావున కొంచెము వివరింతును. మన పొలములలో త్రాచు, కట్లపాము, రక్తపింజరి మూడును కలవు. పాము కఱచినపుడు గాయము పైభాగమున గట్టిగా త్రాడు బిగించుట, గాటుపెట్టి నెత్తురు కార్చుట, నోట పీల్చుట మన పల్లెలలో పరిపాటి. ఇవి మూడును చేయరాదని నేటి వైద్యము. త్రాడు బిగించినచో నెత్తురాడక కాలో చేయియో చెడును. గాటు పెట్టినచో నెత్తురు ఆగకపోవచ్చును. చేయవలసినదేమనగా, కఱచిన యవయవమును కదలనీయక, బద్దకట్టి, రోగికి ధైర్యము చెప్పి, నడవనీయక, విషమునకు విఱుగుడు సూదిమందు దొరకు ఆసుపత్రికి క్షణమాలసింపక చేర్చుట. బాలురు రెండు కఱ్ఱలకు దుప్పటి చుట్టి మంచము చేసి, తమలో నొకని దానిపై పరుండబెట్టి గట్టుమీద నడచి చూపిరి. మంత్రము మాట యేమని తాతగారు నన్నడిగినారు. మంత్రము దారిలో చదువుకొనవచ్చును గాని, దారి మాత్రము ఆసుపత్రిదే కావలెనంటిని.

ఆ సాయంకాలమే త్రాళ్ళ పాఠము.

స్కౌటు విద్యలో ముడులకు పెద్దపీట. మనకును ముడులు క్రొత్తవి కావు. పశువును గుంజకు కట్టుట, కావడి కట్టుట, వరిమోపు కట్టుట మన పిల్లవాండ్రు ఒకప్పుడు చూచియే నేర్చిరి. రెండు త్రాళ్ళ కలయికకు నొక ముడి, గుంజకు కట్టుటకు నొకటి, లావు త్రాటికి సన్నత్రాడు కలుపుటకు నొకటి నేర్పిన పిమ్మట స్కౌటుమాస్టరు బౌలైను అను ముడి నెత్తుకొనెను. పడవవారు వాడునట్టిది. మనిషి నడుమునకు కట్టి నూతిలోనుండియో వఱదలోనుండియో పైకి లాగుటకు పనికివచ్చును. దీనికి మూడు గుణములు. జాఱదు, లాగినకొలది నడుమును నొక్కదు, తడిసినను, ఎంత బరువు పడినను, తరువాత సులువుగా విప్పుటకు వచ్చును. త్రాటిపై చిన్న ఉచ్చు వేసి, అది ఎండ్రకాయ బొక్క యనుకొమ్మనెను. త్రాటికొన యెండ్రకాయ. అది బొక్కలోనుండి పైకి వచ్చినది, తాటిచెట్టు చుట్టు తిరిగినది, మరల బొక్కలోనికే దూరినది. పిల్లలు నవ్వుచు కట్టుచుండిరి.

తాతగారు చెట్టు క్రిందనుండి లేచి వచ్చి, మనుమని చేతిలోని త్రాడు పుచ్చుకొని, ముడిని విప్పి చూచినారు, మరల కట్టుమనినారు, మరల విప్పినారు. తరువాత నిలుచుండియే చెప్పినారు. ఆయన మాటలను నేను గ్రంథభాషలోనికి మార్చుటకు సాహసింపను.

"మాది దివిసీమ. డెబ్బై ఏడు ఉప్పెనకి నాకు పదమూడేళ్ళు. సాయంత్రం నీళ్ళొచ్చాయి. నాన్న మమ్మల్ని తాటిచెట్టు దగ్గరకి ఈడ్చుకుపోయి ఎద్దుల పగ్గాలతో కట్టాడు. నేను పైన, చెల్లెలు కింద. దానికి ఆరేళ్ళు. పశువులకి వేసే ముడే వేశాడు, ఆయనకి తెలిసింది అదే. నీళ్ళు పెరిగాయి. పిల్లని పైకి ఎత్తాలి. ముడి తడిసి బిగుసుకుపోయింది. వేళ్ళతో రాలేదు. పళ్ళతో కూడా లాగాడు."

అంతటితో ఆపినారు. తోటలో ఇరువదినలుగురు బాలురుండియు కొబ్బరాకుల చప్పుడు తప్ప మఱేదియు వినబడలేదు. కొంతసేపటికి ఆయనయే, "ఇంకోసారి చూపించరా" యని మనుమని ప్రక్కన చతికిలబడినారు. ఎండ్రకాయ మూడుసార్లు దారితప్పినది. నాలుగవసారి ముడిపడినది. ఆ త్రాటిముక్కను అడిగి యింటికి తీసికొనిపోయినారు.

ఈ నేలకు సముద్రము బంధువును శత్రువును గూడ. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన బందరు ప్రాంతమున సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొనినదందురు. 1977 నవంబరు 19వ తేదీ శనివారము, వరికోతల వేళ, సముద్రము ఇంచుమించు మూడు నిలువుల యెత్తున లేచి దివిసీమపై పడినది. సొర్లగొంది వంటి యూళ్ళు తుడిచిపెట్టుకొని పోయినవి. చచ్చినవారు వేలకు వేలు. నాడు నేను ప్రాచ్యకళాశాలలో చదువుచుండిన పందొమ్మిదేండ్ల వాడను. బియ్యపుబస్తాల బండి వెంట అవనిగడ్డ దాక పోతిని. చూచినదానిని వర్ణింపను. 1990 మే 9వ తేదీన ఈ తీరముననే మఱియొక ఘోరమైన తుపాను దాటినది. గాలి బలమున అది 1977 నాటిదానికి తీసిపోయినది కాదు. కాని ముందుగా హెచ్చరిక అందుటచేతను, లక్షకు పైబడిన జనమును తరలించుటచేతను మృతుల సంఖ్య వేయికి లోపుగానే యుండెను. పదుమూడేండ్లలో సముద్రము మారలేదు, గాలి మారలేదు. మనుష్యులు ముందుగా మేలుకొనిరి. స్కౌట్ల నినాదము సంసిద్ధులై యుండుడని. బందరు వాసులకు దీనిపై వ్యాఖ్యానము వ్రాయనక్కఱ లేదు.

మేము తోటలో నున్న ఆ దినములలోనే బంగాళాఖాతమున వాయుగుండము పుట్టి తుపానైనది. దానికి మోకా యని పేరు. యెమను దేశములోని రేవుపట్టణపు పేరట. శిబిరములో నొక చిన్న రేడియో కలదు. ప్రతి సాయంకాలమును గరుడ దళనాయకుడు వార్తలు విని, తుపాను ఏ యక్షాంశమున, ఏ రేఖాంశమున నున్నదో బంగాళాఖాతపు పటముపై చుక్క పెట్టుచుండెను. మొదట ఆ చుక్కలు వాయవ్యముగా వచ్చుచుండగా పిల్లల కన్నులు పెద్దవైనవి. తరువాత ఉత్తరమునకు, ఈశాన్యమునకు మరలినవి. 14వ తేదీన, అనగా మేము శిబిరమెత్తిన దినముననే, అది బర్మా తీరము దాటినది. మనకు దక్కినది వడగాడ్పు మాత్రమే. తుపాను తేమనంతయు లాగుకొనిపోగా ఆ చివరి రెండు దినములును తోటలో నీడయు కాలినది. బాలురను పగలు ఆడనీయక, గంటగంటకు ఉప్పు కలిపిన మజ్జిగ త్రావించితిమి. పెరుగు తాతగారిదే.

ఈతను గూర్చి చెప్పక ఈ విషయమును విడువజాలను. ఇరువదినలుగురిలో ఈత వచ్చినవారు ఏడుగురు! చుట్టును కాలువలు, చెఱువులు, పంటబోదెలు గల డెల్టాలో ఇది యేమి చోద్యము? మా చిన్ననాట అరటిబోదె చంకన పెట్టి తండ్రియో మామయో చెఱువులో త్రోసెడివాడు. రెండు వారములలో పిల్లవాడు తేలెడివాడు. నేడు భయముచే పిల్లను నీటి దాపునకు పోనీయము. పోనీయకున్నను వాడు ఏదో యొకనాడు పోవును, మనకు చెప్పక పోవును. ప్రతి వేసవిని పత్రికలలో వచ్చు ఆ వార్తలు మీరు చదువుచునే యున్నారు. కాలువలు వదలిన పిమ్మట, పెద్దల కావలిలో, నడుమునకు ఆ విప్పవచ్చు ముడితోనే త్రాడు కట్టి ఈత నేర్పుటకు స్కౌటుమాస్టరు పూనుకొనెను. ఆ యేటి దసరా నాటికి మఱి తొమ్మండుగురు తేలిరి.

ఆఱవనాటి రాత్రి పెద్ద మంట. వడగాడ్పు దినములగుటచే మంటను చిన్నదిగానే వేసి, చుట్టును నీళ్ళ బిందెలు పెట్టిరి. నేను విక్రమార్కుని కథ యొకటి చెప్పితిని. బాగున్నదనిరి గాని వారి చూపులన్నియు తరువాతి యంశముపైననే. 23 వస్తువులు వ్రాసిన బాలుడు సత్యభామ ప్రవేశమును చూపెను. కొంగ దళమువారిద్దఱు దుప్పటిని తెఱగా పట్టిరి. కొబ్బరిపీచుతో పేనిన త్రాడే జడ. తెఱ మీదుగా ఆ జడ యొక్కటి ముందు వచ్చి వ్రేలాడగానే పిల్లలు ఈలలు వేసిరి. పాదములు కదలిన పిమ్మట ఎవరును ఈల వేయలేదు. సిద్ధేంద్రయోగి ఆ కలాపమును మా యూరి మగపిల్లలకే యొప్పగించినాడని పరంపర చెప్పును. సత్యభామ వేషమున వేదాంతం సత్యనారాయణశర్మగారిని చూచిన కన్నులు నావి. ఆ బాలుని ఆయనతో పోల్చను. కాని మంటవెలుగులో, కొబ్బరిచెట్ల నడుమ, స్కౌటు కండువాతోనే నిలిచిన ఆ సత్యభామ అభిమానవతియే.

కడపటి దినమున డేరాలు విప్పి, త్రవ్విన కాలువలను, గాడిపొయ్యిని పూడ్చి, పైపచ్చికను తిరిగి పఱచిరి. ఒక్క కాగితపుముక్క యైనను విడువరాదని నాలుగు దళములు వరుసగా నిలిచి తోటను ఈ కొననుండి ఆ కొనదాక వెదకినవి. లెక్కలు చూడగా గరిటెయొకటి, మేకులు మూడు తక్కువ వచ్చినవి. ఫోనుల పెట్టె తెఱచునప్పటికి ఇద్దఱు బాలురు తమవి పుచ్చుకొనుట మఱచి బండియెక్కిరి.

ఈ దళములలో చేరుటకు పదియేండ్లు నిండిన బాలురు అర్హులు. పదునేడేండ్ల వఱకు ఉండవచ్చును. బాలికలకు గైడు దళములు వేఱుగా గలవు, వానికి ఉపాధ్యాయినులే నాయికలు. మీ యూరి బడిలో దళము లేనిచో ప్రధానోపాధ్యాయుని అడుగుడు. ఒక ఉపాధ్యాయుడు శిక్షణకు పోయివచ్చుటకు సమ్మతించినచో చాలును, తక్కినది పెద్ద వ్యయము కాదు.

మాకు తోట నిచ్చిన రైతుగారు ఆ చోటును చేపలచెఱువుగా మార్చుకొనుచున్నారు. రాబోవు వేసవికి మా బాలురకు మఱియొక చోటు కావలెను. చెట్టు నీడ, మంచినీటి నుయ్యి, నాలుగు డేరాలకు మెట్టనేల యున్నచో చాలును. కూచిపూడికి అయిదారు మైళ్ళలోపల అట్టి తోట గల పెద్దలు ఎవరైనను ఉన్నచో కబురు పంపగోరెదను. గుంటలు పూడ్చి యిచ్చు పూచీ నాది.